మృదులకు తెలియని రంగులు

“గా పిల్ల మొఖం పచ్చగ ఎందుకున్నది?”

టీ గ్లాసు పట్టుకుని సోఫా వెనకగా పోతున్న ఇంద్రసేన ఆగిపోయాడు. కోడలు మృదుల ఒళ్ళో ట్యాబ్ ఉంది. అందులో జపాన్ బొమ్మల కథలోని ఒక పేజీ. మాంగా అంటారు వాటిని, దాదాపు అన్నీ నలుపు తెలుపుల్లోనే ఉంటాయి. ట్యాబ్ మీద వాటికి రంగులు వేయడం మృదులకు సరదా. లక్డీకాపూల్‌లో ఆఫీసు నుంచి రాగానే అదే పని. ఈసారి కత్తి పట్టుకున్న అమ్మాయి ముఖం పాలకూర రంగులో ఉంది.

“పచ్చగున్నదా మామయ్యా?” మృదుల ట్యాబ్ దూరంగా పెట్టి చూసింది. “గోధుమ రంగనుకొని వేసిన.”

“గోధుమలు గిట్లుంటయా?”

ఆమె ట్యాబ్‌ను ఒళ్ళో బోర్లించింది. తర్వాత మెల్లగా చెప్పింది. “నాకు ఎరుపు, పచ్చ తేడా సరిగ్గ తెల్వది. చిన్నప్పటి సంది గంతే. మీ కొడుక్కు గూడ చెప్పలే. మీరు చెప్పకున్రి.”

ఇంద్రసేన టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. అబిడ్స్‌లో ముప్పై రెండేళ్ళు మ్యాచింగ్ సెంటర్ నడిపిన మనిషి ఆయన. చీర కొంగు చూపిస్తే చాలు, గోడ నిండా ఉన్న బ్లౌజు గుడ్డల్లోంచి సరిగ్గా ఆ ముక్కే లాగేవాడు. బిల్డింగు పడగొడతామంటే పోయిన దీపావళికి దుకాణం మూసేశాడు. ఆ తర్వాత ఇంట్లో ఆయన గొంతు వినిపించడమే తగ్గింది.

“జర జరుగు,” అంటూ పక్కన కూర్చున్నాడు. “మొఖానికి తేనె రంగు వెయ్యి. నీడ పడే తావుల ఇటుక రంగు కలుపు.”

“తేనె రంగు యాడున్నది? వేలు పెట్టి చూపున్రి.”

మర్నాడు ఆమె ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆయన కుర్చీ సోఫా పక్కకు చేరి ఉంది. బొమ్మలోని అమ్మాయి అంగీకి బచ్చలిపండు రంగు చెప్పాడు. ముసురు పట్టిన ఆకాశానికి గచ్చకాయ రంగు. “రాణి రంగు, వంగపండు రంగు పక్కపక్కన పెట్టకు. కొట్లాడుకుంటయి,” అన్నాడు.

ఒక మూల ముసలావిడ బొమ్మ ఉంది. “ఈమెకు ముక్కుపొడి రంగు వెయ్యాల్నా?” అని అడిగింది మృదుల.

“ముసలామె అయితే ముక్కుపొడి రంగేనా? మా దుకాణంల డెబ్బై ఏండ్ల ఆమెకు కనకాంబరం ముక్క ఇచ్చిన. వద్దు వద్దనుకుంటనే తీస్కపోయింది. వారం తిరగకముందే వచ్చి ఇంకోటి అడిగింది.” చెబుతూ చెబుతూ తనే నవ్వేశాడు.

ఆదివారం ఇద్దరూ స్కూటీ మీద నాంపల్లి బయల్దేరారు. అబిడ్స్ దాటుతుండగా ఎర్ర లైటు చూసి వెనక కూర్చున్న ఇంద్రసేన ముందుకు వంగాడు.

“బిడ్డా, సిగ్నల్ ఎట్ల తెలుస్తది నీకు?”

“పైది వెలిగితే ఆగుడు, కిందిది వెలిగితే పోవుడు.”

ఆయనకు నమ్మకం కుదరలేదు. నాంపల్లి స్టేషన్ దాకా ప్రతి సిగ్నల్ దగ్గరా వెనకనుంచి చెబుతూనే ఉన్నాడు. “ఎర్ర పడ్డది, ఆగు.” “పచ్చ పడ్డది, పో.” పక్కన ఆగిన ఆటో డ్రైవర్ వింతగా చూశాడు. మృదుల బుద్ధిగా ఆగమన్నచోట ఆగింది, పొమ్మన్నప్పుడు పోయింది.

మర్నాడు ఆయన కుర్చీలో కూర్చోలేదు. “కండ్ల దవాఖానకు పోదాం.”

“వద్దు మామయ్యా. పుట్టుకతో వచ్చినదానికి మందుంటదా?”

“రోజూ బండి మీద పోతవు. వెనక నేనుంటనా ప్రతిసారి?” అన్నాడు ఆయన.

ఆమె బండి తాళాలు తీసుకుంది.

నాంపల్లిలో ఒక సందులో ఉంది ఆ క్లినిక్. డాక్టర్ రంగు చుక్కల అట్టలు ఒక్కొక్కటే చూపిస్తూ, ఏ అంకె కనిపిస్తోందని అడిగాడు. అన్నిటికీ మృదుల ఒకటే జవాబు. “తెలుస్తలేదు సార్.” చివరికి బల్ల మీది రంగురంగుల ఫైళ్ళు చూపి, “ఆ దొంతరలోని ఎర్ర ఫైలు ఇటివ్వమ్మా,” అన్నాడు. ఆమె తీసిచ్చిన ఫైలులో ఏదో రాసి, ఆమెను బయట కూర్చోమన్నాడు.

ఐదు నిమిషాలకు ఇంద్రసేన బయటికి వచ్చాడు. స్కూటీ దాకా గబగబా నడిచాడు. అక్కడ దస్తీ తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

“ఏమన్నడు మామయ్యా?” మృదుల ముఖంలో భయం.

“మందు లేదన్నడు. ఇగ జిందగీ మొత్తం నువ్వు అడగాలె, నేను చెప్పాలె.”

“మీకు తక్లీఫ్ కాదా?”

“ఏం తక్లీఫ్? ఖాళీగనే ఉంటి గద.” వెనక సీటు ఎక్కి ఆమె భుజం తట్టాడు. “బండి తియ్యి బిడ్డా.”

మృదులకు అన్ని రంగులూ కనిపిస్తాయని డాక్టర్ లోపలే ఆయనకు చెప్పేశాడు.