తెలుగు ఫైలు

"నీ మెషిన్లో నడిస్తే సరిపోతుందా? కస్టమరుకి నీ మెషినే కట్టి పంపమంటావా?"

టీమ్ లీడర్ అరుపు మీటింగ్ గది దాటి కారిడార్ దాకా వినిపించింది. అరుస్తున్నది సొంత మరదలి మీదే. అయినా వీసమెత్తు మొహమాటం లేదు. ఆమె ఉద్యోగంలో చేరిన రోజే తేల్చి చెప్పాడు, "ఇక్కడ బావా గీవా కుదరదు, సార్ అను" అని. ఎంత నిక్కచ్చి మనిషో అని ఆఫీసంతా మెచ్చుకుంది. ఆమెకి మాత్రం ఒళ్ళు మండుతూనే ఉంది.

"నా ఫైలు నేనిచ్చాను సార్. దాన్ని కలిపి ప్రోగ్రాం బిల్డ్ చేసింది మీరు."

"ఓహో, తప్పు నాదన్నమాట!"

అదో చిన్న నమూనా ప్రోగ్రాం. కంప్యూటర్ ఏ భాషలో ఉందో చూసుకుని, ఆ భాష ఫైల్లోంచి మాటలు తెచ్చి చూపించాలి. ఆ భాషకి ఫైలు లేకపోతే ఇంగ్లీషులో చూపిస్తుంది. తెలుగు ఫైలు ఆమె రాసింది. ఇవాళ అది నడవకపోతే ఆమెని ఉద్యోగంలోంచి తీసేయాల్సిందేనని లీడర్ పట్టుబట్టాడు.

మేనేజరమ్మ తల పట్టుకుంది.

"ఇప్పటికే ఆ జర్మన్ కంపెనీ మనవాళ్ళిద్దర్ని జర్మనీకి ఎగరేసుకుపోయింది. వాళ్ళ భాష నేర్చుకుని వెళ్తే చాలట. ఉన్నవాళ్ళనీ పంపేస్తే పనెవరు చేస్తారయ్యా?"

"నేను లేనా మేడమ్? పెళ్ళాన్నీ ఇంటినీ వదిలి నేనెక్కడికి పోతాను? ఈవిడ మాత్రం వద్దు. ఎప్పుడు చూసినా నా వెనకాలే తచ్చాడుతుంటుంది."

"నా సీటు మీ పక్కనే కదా సార్! మీరే లాప్‌టాప్ గోడవైపు తిప్పుకుంటారు. ఇంట్లోనూ తలుపేసుకుని ఏదో వల్లిస్తుంటారని అక్క..."

"ఇంటి సంగతులు ఇక్కడెందుకు?" బల్ల చరిచాడు.

తన లాప్‌టాప్‌లో ప్రోగ్రాం నడిపాడు. అదొక్కటే గోడమీది తెరపై కనిపించేలా పెట్టాడు. తెర నిండా ఇంగ్లీషే.

"చూశారా? ఒక్క తెలుగు ముక్క లేదు! చేతకానివాళ్ళు ఇంట్లో కూర్చోవాలి."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవమానం కంటే కోపమే ఎక్కువ.

"ఇంక నేనేం చెయ్యలేనమ్మా" అంది మేనేజరమ్మ.

"ఒక్క అవకాశం ఇవ్వండి మేడమ్. ఇది ఏ భాష ఫైలు కోసం వెతుకుతోందో దాని చేతే చెప్పిస్తాను."

తన మెషిన్లో ఒక్క వరుస చేర్చి, మళ్ళీ బిల్డ్ చేసి, లీడర్‌కి పంపింది. అతను కోడు రాయడం మానేసి ఏళ్ళయింది. ఇప్పుడు అరవడమే పని. ఆ వరుస ఏం చేస్తుందో చదవను కూడా లేదు.

"కానీ, నీ ముచ్చట కూడా తీరనీ" అంటూ నడిపాడు.

తెరమీద అదే ఇంగ్లీషు. దాని కింద ఆమె చేర్చిన వరుస: "వెతికిన భాష: జర్మన్."

లీడర్ చప్పున లాప్‌టాప్ మూసేశాడు. గోడమీది తెర నల్లబడింది. మరదలు అతని మొహంలోకే చూస్తూ లేచి నిలబడింది.

"అక్కకి తెలుసా, బావా?"