గుమ్మం దాటించే మాట

ఆ యుద్ధనౌకలో సైనికులకు ఆజ్ఞలన్నీ తల్లుల గొంతుతో వినపడతాయి. తల్లులకు, అంటే వంటగదిలో పనిచేసేవాళ్ళకు, కొడుకుల గొంతుతో వినపడతాయి. ఆ గొంతులు యంత్రానివి. ఆలోచన జనరల్ దండపాణిది. భయపడి కదిలేవాడు దారిలో ఆగుతాడు, అమ్మ చెబితే కదిలేవాడు ఆగడని ఆయన లెక్క.

ఆ ఉదయం నౌక తలుపు తెరిచారు. బయట శత్రుగ్రహం మండుతోంది. ముందున్న సింహాద్రి కదలక, అతని దళమంతా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

జనరల్ స్వయంగా వంటగదికి వచ్చాడు. సింహాద్రి తల్లి వరాలమ్మ చారుకి పోపు పెడుతోంది. ఆయన తెల్లటి చేతి తొడుగులు విప్పి, యంత్రం పలికిన ఆమె గొంతును ఆమెకే వినిపించాడు.

"ముందుకు పో, సింహాద్రీ."

"మీవాడు కదలడం లేదమ్మా. ఇందులో తప్పేముంది?" అని మర్యాదగా అడిగాడు.

వరాలమ్మకు నవ్వొచ్చింది. "గుమ్మం దాటీవోడ్ని పో అంటామేటి బాబూ? అశుభం. ఎల్లిరా నాయనా అంటాం. ఆ మాట ఇనకుండా మావోడు బడికైనా ఎల్లీవోడు కాదు."

జనరల్ గ్లాసుడు చారు అడిగి తాగాడు. చాలా బాగుందని చెప్పి వెళ్ళాడు.

కాసేపటికి తలుపు వైపు నుంచి ఆమె గొంతే వినపడింది. "ఎల్లిరా నాయనా." వెంటనే బూట్లు పరుగెత్తిన చప్పుడు.

చారు ఇంకా చల్లారలేదు. వంటగది గోడలోంచి సింహాద్రి గొంతు పలికింది.

"అమ్మా, రాత్రికి మా దళానికి బియ్యం పొయ్యకు."