దొంగతిండి

"నిజం చెప్పు నాన్నా. ఎక్కడ తిన్నావు?"

బైండింగు కొట్టు గుమ్మంలో కూతురు అడ్డంగా నిలబడింది. ఆస్పత్రిలో ఇచ్చిన కాగితం ఆమె పిడికిట్లో నలిగిపోయి ఉంది.

"తినలేదే తల్లీ," అన్నాడు తండ్రి తల ఎత్తకుండా. ఆయన ముందు లైబ్రరీ వాళ్ళ పాత నిఘంటువు ఉంది. కుట్లు ఊడిపోయి ఏ కాగితానికి ఆ కాగితం విడిపోయింది. సూదిలో దారం ఎక్కించాలని చూస్తున్నాడాయన. దారం బెజ్జం పక్కనుంచి జారిపోతోంది.

"మరి రక్తపరీక్ష అబద్ధం చెప్తుందా? గోధుమలో ఉండే ఆ గ్లూటెన్ ఇంకా ఒంట్లోకి పోతూనే ఉందంది డాక్టరమ్మ. గోధుమ పిసరంత నోట్లోకి పోయినా నీ నరాలు పాడైపోతాయని ఎనిమిది నెలల కిందటే చెప్పింది కదా!"

"చెప్పింది."

"పాదాలు మొద్దుబారిపోయాయి. ఇవాళ ఆస్పత్రి మెట్ల మీద తూలిపోయావు. ఆ పాదాలు ఇక బాగుపడతాయో లేదో చెప్పలేనంది. ఇప్పటికైనా ఆపితే వేళ్ళు దక్కుతాయంది. నువ్వు విన్నావా, వినలేదా?"

"విన్నానమ్మా. నా పాదాలే కదా మొద్దుబారింది, చెవులు కాదుగా."

ఆమెకి నవ్వు రాలేదు. ఆయనా నవ్వలేదు. దారం మళ్ళీ జారింది.

కూతురు వీధిలోకి తిరిగి ఎదురు టీ కొట్టు ఆవిణ్ణి పిలిచింది. "పిన్నీ! నాన్న నీ దగ్గర బిస్కెట్లు తింటున్నాడా?"

"అయ్యో, ఆ సీసా వైపు చూడనైనా చూడడమ్మా," అంది ఆవిడ గ్లాసులు కడుగుతూనే. "అది చూస్తే నువ్వే కళ్ళెర్రజేసి నిలబడినట్టు ఉంటుందట. నా గ్లాసు కూడా ముట్టుకోడు. ఇంటినుంచి తెచ్చుకున్న గ్లాసులోనే పోయమంటాడు."

"నువ్వు కూడా వెనకేసుకురా!"

"నాకేం పని తల్లీ, బిస్కెట్లు అమ్ముకునేదాన్ని," అని ఆవిడ లోపలికి పోయింది.

కూతురు తండ్రి చెయ్యి పట్టుకుని చొక్కా అంచు వెలుతురుకి తిప్పింది. బట్ట మీద తెల్లగా ఏదో ఎండి పొట్టులా అంటుకుని ఉంది.

"ఇదేంటి? కేకు పొడి కదూ?"

"జిగురమ్మా. పొద్దుటిది, ఎండిపోయింది."

"ప్రతిదానికీ ఓ సాకు!" ఆమె ఆయన చెయ్యి విదిలించింది. "గోధుమపిండి, మైదా, సేమ్యా ఏదీ ఇంటి గడప తొక్కనిచ్చానా? సాస్‌లో కూడా గోధుమ కలుస్తుందని చదివి అదీ పారేశాను. పాత పెనాలు పారేసి కొత్తవి తెచ్చాను. నా పుట్టినరోజుకి కేకు కూడా వద్దన్నాను, నువ్వు చూస్తూ కూర్చోవాల్సి వస్తుందని. ఇంత చేసినా నువ్వు దొంగతిండి తింటుంటే నేనేమైపోవాలి?"

తండ్రి సూది కింద పెట్టాడు. నెమ్మదిగా కుడిచెయ్యి ఎత్తాడు.

"నీ మీద ఒట్టు తల్లీ..."

ఆమె చటుక్కున తల పక్కకి తప్పించుకుంది. "నా మీద ఒట్టు పెట్టకు."

ఆయన చెయ్యి కాసేపు గాల్లోనే ఉండిపోయింది. వణుకుతున్న ఆ చేతిని మళ్ళీ ఒళ్ళోకి తెచ్చుకుని, అది ఇంకెవరి చెయ్యో అన్నట్టు చూశాడు.

"ఈ చేతులతో మూడు వేల పుస్తకాలు కుట్టి ఉంటాను," అన్నాడు. "ఇవి పోతాయని తెలిసి బిస్కెట్టు కోసం ఆశపడతానా? నువ్వు నమ్మకపోతే నేనింక ఎవరికి చెప్పుకోను?"

కూతురు సూది తీసుకుని ఒక్కసారికే దారం ఎక్కించి ఆయన వేళ్ళ మధ్య పెట్టింది. పక్కనే పీట వేసుకుని కూర్చుంది. దొంగని కాపలా కాసినట్టే కూర్చుంది కానీ, ఆయన పని చూస్తుంటే కోపం మెల్లగా కరిగిపోయింది. కుట్టాల్సినవి కుట్టి, ఊడిన కాగితం అంచుకి బొటనవేలితో జిగురు రాస్తాడు. దాన్ని పుస్తకం వెన్నుకి అద్దుతాడు. బొటనవేలు నాలుకకి తడి చేసుకుని తరవాతి కాగితం తిప్పుతాడు. మళ్ళీ జిగురు. మళ్ళీ బొటనవేలు. ఆమె చిన్నప్పటినుంచీ చూస్తున్న పనే. చెయ్యి వణికినా ఆ వరస మాత్రం తప్పడం లేదు.

సగం పుస్తకమైనా కాకుండానే జిగురు గిన్నె అడుగంటింది.

"ఇన్‌స్పెక్టరమ్మా," అన్నాడాయన, కొంచెం భయంగా, కొంచెం ముద్దుగా. "జిగురు అయిపోయింది. నన్ను వదిలి వెళ్తావా, నన్నూ వెంటబెట్టుకు వెళ్తావా?"

ఈసారి ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతోపాటు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఖాళీ గిన్నె అందుకుని కొట్టు వెనక ఉన్న స్టవ్ దగ్గరికి వెళ్ళింది. చెయ్యి కాలినా ఆయనకి తెలియడం లేదని, ఎనిమిది నెలలుగా ఆ పని తనే చేస్తోంది.

"సరేలే నాన్నా, నమ్ముతున్నాను," అంది అక్కడినుంచే, నీళ్ళు మరిగేదాకా ఆగి. "కానీ రేపట్నుంచి పొద్దున్నించి సాయంత్రం దాకా నీ పక్కనే కూర్చుంటాను. నా కళ్ళెదుట గోధుమ పిసరంతైనా నీ నోట్లోకి ఎలా పోతుందో చూస్తాను."

అలా అంటూనే పై అరలోంచి డబ్బా దించి, రోజూ జిగురుకి వేసినట్టే, మరుగుతున్న నీళ్ళలో రెండు గుప్పిళ్ళ మైదా వేసింది.