ఒకే స్కాన్, రెండు జవాబులు

“అక్కా, ప్రోగ్రాం ఒకటే, స్కాన్ ఒకటే. మన టెస్టింగ్‌లో మచ్చ ఉందంటోంది, ఆస్పత్రికి ఇచ్చినదాంట్లో లేదంటోంది. పొద్దుట్నించీ బుర్ర వేడెక్కిపోయింది,” అన్నాడు పక్క సీటతను.

టెస్టింగ్‌కొకటి, ఆస్పత్రికొకటి ఉన్న రెండు ఎన్విరాన్‌మెంట్లలోని ప్యాకేజీల, అంటే ప్రోగ్రాం వాడుకునే సాఫ్ట్‌వేర్ ముక్కల, జాబితాలు తీసి పక్కపక్కన పెట్టాను. నలభై వరుసలు సరిపోయాయి. బొమ్మను చదివే ప్యాకేజీ దగ్గర మాత్రం వర్షన్లు వేరు. టెస్టింగ్‌లో కొత్తది, ఆస్పత్రిదాంట్లో పాతది. పాతది చిన్న మచ్చల్ని చెరిపేస్తోందనే కదా, నిరుడు కొత్తది ఎక్కించాం.

“ఎక్కించింది ఎవరక్కా?”

“నేనే. ఆస్పత్రి ఎన్విరాన్‌మెంట్‌ని యాక్టివేట్ చేయడం మర్చిపోయి కమాండ్ కొట్టేసినట్టున్నాను. అది అప్పటికే తెరిచి ఉన్న టెస్టింగ్‌లోకి పోయింది. ఎక్కిందని చూపించింది, నమ్మేశాను.”

“పోనీలే అక్కా, ఎవరికైనా జరిగేదే. దొరికింది కదా.”

ఈసారి సరైనది తెరిచి, రెండుసార్లు చూసుకుని, కొత్త వర్షన్ ఎక్కించాను. స్కాన్ మళ్లీ నడిపాను. రెండు తెరల మీదా ఎడమ ఊపిరితిత్తిలో ఒకేచోట ఎర్రటి గుండ్రం పడింది.

“హమ్మయ్య, కలిశాయి!” అని చప్పట్లు కొట్టాడు.

నా టీ చల్లారిపోయింది. అయినా తాగాను.

“ఏడాదిగా ఇందులో చూసిన స్కాన్లన్నీ మళ్లీ నడపాలి. మచ్చ తేలినవాళ్లకి ఫోన్ చేసి చెప్పాలి,” అన్నాను.

“మరి ఈ మొదటిది ఎవరిదక్కా? పేరు లేదు, నంబరే ఉంది. కనుక్కుని ఫోన్ చేయనా?”

“అక్కర్లేదు. అది నాదే. రెండోది పెట్టు.”