తాలింపు లేని డబ్బా

"డబ్బా తెరవాల్సిన పనేముంది? ముందు పిల్లాణ్ని లోపలికి తీసుకోండి, నాకు టైమైపోతోంది" అంది ఉమారాణి.

బద్రున్నీసా అప్పటికే తెరిచేసింది. సౌదీలో, రాస్ తనూరా పట్టణంలోని తన ఫ్లాట్ ముందుగదిలోనే ఆమె నర్సరీ నడుపుతోంది. ఏ పిల్లాడి లంచ్ డబ్బా అయినా గుమ్మంలోనే మూత తీసి చూడటం ఆమె అలవాటు. ఉమారాణి చిన్నకొడుకు రాము డబ్బాలో పెరుగన్నం ఉంది. అందులో ఆవగింజ లేదు, కరివేపాకు లేదు, తాలింపన్న మాటే లేదు.

"మేడమ్, ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోవద్దండి. మీ పెద్దోనికి అమ్మోరు పోసిందా?"

ఉమారాణి గతుక్కుమంది. వెంటనే సర్దుకుని నవ్వింది. తనకంటే తక్కువనుకున్న వాళ్ల కోసం ఆమె దగ్గర వేరే నవ్వు ఒకటుంటుంది. ఆ నవ్వే నవ్వింది.

"పెరుగన్నం చూసి చికెన్ పాక్స్ కనిపెట్టేశారా? భలే! నర్సరీ ఎందుకండీ, క్లినిక్ పెట్టుకోండి."

"పెరుగన్నం కాదు మేడమ్, తాలింపు లేదు. మీ అత్తమ్మ రోజూ ఎంత కమ్మగా తాలింపు పెట్టి పంపుతాది! ఇంట్లో అమ్మోరు ఉంటేనే గదా పొయ్యి మీద తాలింపు ఏసేది ఆపుతారు. మా కడప తట్టు మీ వాళ్లయినా అంతే, మేమైనా అంతే."

ఉమారాణి మనసులో అత్తగారిని దులిపేసింది. విజిట్ వీసా మీద వచ్చిన ఆ పెద్దావిడ, పెద్దోడి ఒంటి మీద నీటిపొక్కులు కనబడగానే ఇల్లంతా వేపాకు చేసేసింది. పోనీలే అని ఊరుకుంటే చివరికి డబ్బాలో కూడా తన చాదస్తం కూరి పంపింది! చిన్నోడికీ అంటుకుంటే ఉమారాణి మళ్లీ సెలవు పెట్టాలి. ఈసారి సెలవడిగితే ఇక రానక్కర్లేదని మేనేజరు మొహం మీదే చెప్పాడు. అందుకే అన్న గాలి సోకకుండా తమ్ముణ్ని పొద్దున్నే ఇక్కడికి లాక్కొచ్చింది. మరి వీడి వల్ల ఇంకెవరి పిల్లలకైనా వస్తేనో? వస్తే వాళ్ల తల్లులున్నారు, వాళ్లు చూసుకుంటారు. ఉమారాణి బుద్ధి అలాంటిది.

"మా అత్తగారికి బీపీ. ఇంట్లో నూనె మానేశాం" అంది.

"మరి పెద్దోడు స్కూలు వ్యాను ఎక్కలేదంట గదా?"

"కడుపునొప్పి. ఏం, వాడి మీద సీఐడీ పెట్టారా? హెచ్.ఆర్.లో పనిచేసేదాన్ని, హైజీన్ గురించి మీరా నాకు చెప్పేది? ఎప్పుడొచ్చినా గుమ్మంలోకే వెల్లుల్లి ఘాటు కొట్టే కొంప! ఏదో మా అదృష్టం బాగుండి ఇవాళ కాస్త ఊపిరి ఆడుతోంది."

రాము లోపలికి తొంగి చూశాడు. "ఆంటీ, మీ షబ్నమ్ ఏదీ?"

"పండుకోనుంది నాయనా" అని, బద్రున్నీసా మళ్లీ తల్లి వైపు తిరిగింది. "మేడమ్, లోపల ఇంతమంది పిల్లోళ్లు ఉండారు. రేపు ఎవురికన్నా వస్తే ఆ తల్లులు నా పీక పట్టుకుంటారు. ఇది మూతపడితే మేం తినేదెట్ల?"

"చూడండీ, పర్మిషన్ లేకుండా ఇంట్లో నర్సరీ నడుపుతున్నారని బలదియాకి ఒక్క ఫోన్ కొడితే చాలు. మున్సిపాలిటీ వాళ్లొచ్చి సాయంత్రానికల్లా సీలేసి పోతారు. కొట్టమంటారా?"

బద్రున్నీసా మొహం పాలిపోయింది.

"అంత మాట వద్దు మేడమ్. పిల్లోన్ని వదిలిపెట్టి పోండి. ఒక్క సాయం చేయండి. మన తల్లుల వాట్సాప్ గ్రూపులో మీ ఇంట్లో ఎవురికీ ఏమీ లేదని మీ నోటితోనే ఒక ముక్క చెప్పండి. నన్నెవురన్నా అడిగితే నాకూ ఒక ఆధారం ఉంటాది."

అంతేనా అన్నట్టు ఉమారాణి ఫోన్ తీసి, నోటి దగ్గర పెట్టుకుని వాయిస్ మెసేజ్ దంచింది.

"హాయ్ మమ్మీస్, ఉమారాణి హియర్. మా ఇంట్లో చికెన్ పాక్స్ లేదు, ఏమీ లేదు. మా రాము డబ్బాలో తాలింపు లేని పెరుగన్నం చూసి ఇక్కడ కొందరు హడలిపోతున్నారు. ఏ కాలంలో ఉన్నామండీ మనం? ప్లీజ్, ఇలాంటి మూఢనమ్మకాలు మానేద్దాం. రాము ఈజ్ పర్ఫెక్ట్‌లీ ఫైన్!"

మెసేజ్ పంపి, "చాలా?" అంది.

"చాలు మేడమ్. శానా థాంక్స్."

అబాయా అంచు విసురుగా లాక్కుని ఉమారాణి మెట్లు దిగింది. కారెక్కి, అద్దంలో తన మొహం చూసుకుని మురిసిపోయింది. గట్టిగా ఒక్క కసురు కసిరితే తోక ముడిచింది, మొద్దు మొహం! చిన్నోడికి ఇక బెంగ లేదనుకుంటూ ఆఫీసుకు పోయింది.

బద్రున్నీసా తలుపు గడియ పెట్టింది. రామును బొమ్మల దగ్గర కూర్చోబెట్టింది. ఆ వాయిస్ మెసేజ్ తన ఫోన్లో మళ్లీ మొదట్నుంచీ విని, జాగ్రత్తగా దాచుకుంది. తర్వాత వంటింట్లోకి వెళ్లి గిన్నెలో పెరుగన్నం కలిపింది. పొయ్యి వైపు చూడను కూడా చూడలేదు. గిన్నె పట్టుకుని వెనకగది గొళ్లెం తీసి లోపలికెళ్లింది.

మంచం మీద పరిచిన వేపాకుల్లో, ఒళ్లంతా నీటిపొక్కులతో ఆమె కూతురు షబ్నమ్ పడుకుని ఉంది.

"అమ్మీ, నేనూ పోయి ఆడుకుంటా" అంది ఆ పిల్ల.

"గమ్మునుండు బేటీ, ఇంకా పొక్కులు మాడలేదు" అంటూ బద్రున్నీసా కూతురి నోట్లో ముద్ద పెట్టింది. "నిన్నట్నుంచీ ఇది ఎవురి నెత్తిన రుద్దాల్నో తెలీక చస్తాంటి. ఇంక ఎవురడిగినా, రాముగాడే అంటించినాడని చెప్పు."