వెనకాలే వస్తున్నారు

దొంగ పొద్దున్నే వచ్చి పని మొదలుపెట్టాడు. గుట్ట మీది పార్కులో, చెట్ల మధ్య నుంచి సైకిళ్ళు వెళ్ళే మట్టిబాట మలుపు దాటిన చోట గుప్పెడు చిన్న మేకులు చల్లి, పైన ఎండుటాకులు కప్పాడు. తర్వాత గాలి పంపు ఒళ్ళో పెట్టుకుని బండరాయి మీద బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు.

మగవాళ్ళెవరైనా వస్తే, "అటు బురదగా ఉంది సార్, ఇటు రండి" అని పక్కనుంచి పంపేసేవాడు. వాళ్ళు థాంక్స్ కూడా చెప్పి వెళ్ళేవారు. అతనికి కావలసింది ఒంటరిగా వచ్చే ఆడవాళ్ళు. టైరు పంక్చరవుతుంది. తను పంపుతో ప్రత్యక్షమవుతాడు. మాటల్లో పెడతాడు. వెనక ఎవరూ లేరని తేలగానే ఫోనూ, మెళ్ళో గొలుసూ తనవి.

ఆ తేల్చుకోవడంలోనే ఉంది అతని తెలివంతా. ఎందుకంటే ఈ బాటలో చిక్కిన ప్రతి ఆడమనిషీ ఒకే మాట చెప్పేది: "మా ఆయన వెనకాలే వస్తున్నారు." ఇంతవరకూ ఒక్క మొగుడూ వచ్చిన పాపాన పోలేదు.

ఈసారి పసుపురంగు సైకిలు మీద వచ్చింది కొత్త పెళ్ళికూతురు. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. తనలో తనే నవ్వుకుంటూ, కూనిరాగం తీసుకుంటూ తొక్కుతోంది. ముందు చక్రం బుస్సుమంది. రాగం ఆగిపోయింది.

"అయ్యో, పంక్చరా చెల్లెమ్మా? ఉండు, గాలి కొడతాను," అంటూ లేచాడు దొంగ.

ఆమె పంపు వైపు చూసింది. ఆకుల మధ్య మెరుస్తున్న మేకు వైపు చూసింది.

"అక్కర్లేదన్నయ్యా. మా ఆయన వెనకాలే వస్తున్నారు."

దొంగ లోలోపల నవ్వుకున్నాడు. లేని మొగుణ్ణి సృష్టించడం తేలికే. నాలుగు ప్రశ్నలు వేస్తే ఆ మొగుడు కరిగిపోతాడు.

"అలాగా! మరి ఇంత వెనకబడ్డాడేం?"

"పువ్వు కనిపిస్తే చాలు, సైకిలు దిగిపోతారు. దాని పేరేమిటో తేలేదాకా కదలరు," టక్కున చెప్పింది.

"ఏం చేస్తుంటాడు?"

"స్కూల్లో పిల్లల చేత డ్రిల్లు చేయిస్తారు. ఈలతో పనిలేదు, ఆ గొంతే చాలు. మొన్న పక్కింటాయన మా గేటుకి అడ్డంగా కారు పెట్టాడు. ఒక్క కేక వేశారంతే. పాపం, ఇప్పటికీ కారు పక్క వీధిలో పెట్టుకుని నడిచి వస్తున్నాడు."

దొంగ చేతిలో పంపు కాస్త వదులైంది. "కోపిష్టి మనిషన్నమాట."

"అందరిమీదా. నామీద కాదు." భయంతో వణుకుతున్న ఆ గొంతులో కూడా మురిపెం దాగలేదు. "ఈ సైకిలు కొనిచ్చింది ఎవరనుకున్నావు? నాకసలు తొక్కడమే రాదు. సీటు పట్టుకుని కాలనీ అంతా నా వెనక పరిగెత్తారు. ఇప్పటికీ నా షూ లేసులు సరిగ్గా కట్టుకున్నానో లేదో చూసిగానీ గుమ్మం దాటనివ్వరు. ఒక్క గురకతోనే చచ్చిపోతున్నా. ఇంట్లో మిక్సీ వేసినట్టే!"

దొంగ ఆలోచనలో పడ్డాడు. అబద్ధపు మొగుడికి గురక కూడా ఉంటుందా? తన పెళ్ళాం తన గురించి ఎప్పుడైనా, ఎవరితోనైనా ఇంత ముద్దుగా చెప్పి ఉంటుందా అని ఓ క్షణం అసూయ కూడా పడ్డాడు. కానీ బాట ఖాళీగా ఉంది. మలుపు దగ్గర ఆకు కూడా కదలడం లేదు.

"ఏదీ, ఓసారి పిలువు," అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి గొంతెత్తింది. "ఏమండీ!"

పిట్టలు తప్ప ఎవరూ పలకలేదు.

"వినపడి ఉండదు," అందామె, ఈసారి సన్నగా.

"ఉండదుండదు." దొంగ పంపు కింద పడేశాడు. దాంతోపాటే చెల్లెమ్మా పోయింది, మర్యాదా పోయింది. "కథ బాగా చెప్పావు. ఆ ఫోనిటు ఇయ్యి. గొలుసు కూడా తియ్యి. గొడవ చేశావంటే బాగుండదు."

ఆమె సైకిలుని తనకీ అతనికీ మధ్య అడ్డంగా లాక్కుంది. ఊపిరంతా కూడదీసుకుని మళ్ళీ అరిచింది.

"ఏమండీ!"

"ఆఁ! వస్తున్నా!"

ఆ గొంతుకి కొమ్మల మీద పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

"ఎవడ్రా అక్కడ? కదిలావో, కాళ్ళు విరగ్గొడతాను!"

దొంగ కదలడమేమిటి, ఎగిరాడు. ఆ కంగారులో తన మేకుల మీదే కాలేశాడు. కుయ్యోమంటూ ఒంటికాలి మీద గెంతుకుంటూ, ముళ్ళపొదల్లోంచి పల్లానికి దొర్లాడు. కింద పార్కు గేటు దగ్గర వాచ్‌మన్ పట్టుకునేసరికి, "వాళ్ళాయన వస్తున్నాడు, ముందు ఆ గేటు మూసెయ్యండి" అని బతిమాలుతున్నాడట.

ఇక్కడ పైన, మలుపు తిరిగి ఆకుపచ్చ సైకిలొకటి వచ్చి ఆగింది. కొత్త పెళ్ళికూతురు పరుగున వెళ్ళి చెమట పట్టిన ఆ భుజం మీద తల వాల్చేసింది.

"మొదటిసారి పిలిచినప్పుడే పలకొచ్చుగా! నా ప్రాణాలు పోయాయనుకోండి."

"నోట్లో దగ్గుబిళ్ళ ఉందే. అది మింగొద్దూ?"

ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వుతూనే వంగి, బాట మీది మేకులన్నీ ఏరి సంచిలో వేశారు.

"సరేగానీ, రేపు మొగుడి వేషం నువ్వెయ్యి. అరిచీ అరిచీ నా గొంతు పోతోంది," అంది అత్తగారు.