తుంటి ఎముక

పళ్ళెంలోకి చూసుకున్న ఎసెన్‌కుల్ పంతులుగారు టోపీ తీసుకుని విసురుగా లేచారు.

పొరుగింటి విందులో ఆయనే పెద్ద. ఆనవాయితీ ప్రకారం గొర్రె తుంటి ఎముక ఆయనకు దక్కాలి. ఆయనకేమో పక్కటెముక వచ్చింది. తుంటి ఎముక లారీ తోలే నా పళ్ళెంలో ఉంది. మా కిర్గిజ్ ఊరు నరీన్‌లో ఇంతమాత్రానికే అన్నదమ్ములు మాటలు మానేస్తారు.

అంతవరకూ ఎంత హుషారుగా ఉన్నారో! ఇంగ్లీషు మాటలకు కిర్గిజ్ అర్థాలు రాస్తున్న ఆయన 'స్నాబ్' దగ్గర నెలరోజులుగా ఆగిపోయారట.

"మన దగ్గర ఆ మాటే లేదోయ్! తానే గొప్పని మురిసిపోతూ పక్కవాణ్ణి పురుగులా చూసేవాళ్ళు ఇంగ్లండులో ఉంటారు. గొర్రెల వెనక పెరిగిన మనకి అందరూ ఒకటే," అని నవ్వారు.

ఇప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "లారీ డ్రైవరుకి తుంటి, నాకు పక్కటెముకా? నేనెవరనుకున్నారు?"

నేను హడలిపోయి నా పళ్ళెం ఆయన వైపు జరపబోయాను. వంటింట్లో పళ్ళేలు సర్దిన ఆయన భార్య బురుల్ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నేనే మార్చానయ్యా. అర్థం దొరకలేదని నెలరోజులుగా నువ్వు నిద్రపోవు, నన్ను పోనివ్వవు. ఇప్పుడైనా దొరికిందా?"

గదంతా గొల్లున నవ్వింది. పంతులుగారు టోపీ పక్కన పెట్టి కూర్చున్నారు.

"దొరికింది," అన్నారు బుద్ధిగా.

తర్వాత నా చెవి దగ్గరికి వంగారు.

"అర్థం దొరికిందిగా, ఇక నా ఎముక ఇటివ్వు."